రౌతు లేని గుర్రం: ఖాళీ జీను ఏం చెబుతుంది, బూట్లు వెనక్కి ఎందుకు తిరిగి ఉంటాయి

క్లుప్తంగా

దేశాధినేతో పెద్ద సైనికాధికారో చనిపోతే శవపేటిక వెనక జీను కట్టిన ఖాళీ గుర్రాన్ని నడిపించడం ఐరోపా, అమెరికా సైన్యాల్లో ఉన్న ఆచారం. యజమానితో పాటు గుర్రాన్నీ చంపి పాతిపెట్టిన పాత పద్ధతే కాలక్రమంలో మెత్తబడి ఇలా మిగిలిందని సాధారణంగా చెబుతారు. మన దేశంలో అంత్యక్రియల్లో ఈ గుర్రం కనిపించదు గానీ సాంచీ, అమరావతి రాళ్ల మీద ఉంది, మొహర్రం ఊరేగింపుల్లో ఉంది. ఖాళీ జీను అన్నిచోట్లా ఒకటే, అర్థం మాత్రం దాని మీదో పక్కనో పెట్టిన ఒక చిన్న వస్తువుతో మారిపోతుంది.

ఇంతకీ ఏ గుర్రం?

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఎవరైనా పెద్దవాళ్ల అంత్యక్రియలు టీవీలో వచ్చిన ప్రతిసారీ ఒక గుర్రం క్లిప్ విడిగా తిరగడం మొదలవుతుంది. నల్లటి గుర్రం, వీపు మీద జీను, జీనుకి వేలాడే కత్తి, కాళ్లు పెట్టుకునే రికాబుల్లో పొడవాటి బూట్లు. ఆ బూట్ల ముందుభాగం గుర్రం తల వైపు కాకుండా తోక వైపు తిరిగి ఉంటుంది. దానితో పాటు వచ్చే వివరణలు కూడా దాదాపు ఎప్పుడూ అవే: చెంగిజ్ ఖాన్ మొదలుపెట్టాడని, కాదు బుద్ధుడి కాలం నాటిదని, కాదు పోయినాయన గుర్రం మీద ఉండగానే చనిపోయాడని. మొదటి రెండింటికీ ఏదో ఆధారం ఉన్నట్టే ఉంటుంది, కాస్త పట్టుకుని లాగితే ఊడొస్తుంది. మూడోది ఉత్త కల్పన.

ముందు మనం చూస్తున్నది ఏ గుర్రాన్నో తేల్చుకోవాలి. అమెరికా పద్ధతిలో శవపేటిక ఉన్న బండిని ఆరు గుర్రాలు లాగుతాయి, రెండేసి చొప్పున మూడు వరసల్లో. ఆరింటికీ జీనులుంటాయి, కానీ ఎడమవైపు మూడింటి మీదే సైనికులు కూర్చుంటారు, కుడివైపు మూడూ ఖాళీ. చాలామంది ఈ మూడింటినే చూపించి రౌతు లేని గుర్రాలు అనుకుంటారు. కాదు, అది ఫిరంగి దళాల రోజుల నుంచి వచ్చిన అలవాటు, అప్పట్లో కుడివైపు గుర్రాల మీద మేత, సామాను వేసేవాళ్లు. ఆ బండి కూడా శవాల కోసం చేసింది కాదు. 1918 ప్రాంతంలో 75 మిల్లీమీటర్ల ఫిరంగులకి గుండ్లు మోయడానికి తయారైన బండి, పైన చదునుగా బల్ల అమర్చి ఇప్పటికీ వాడుతున్నారు. అసలు గుర్రం ఈ బండి వెనక ఒంటరిగా వస్తుంది, పక్కన కళ్లెం పట్టుకుని ఒక సైనికుడు నడుస్తాడు.

ఈ గౌరవం అందరికీ దక్కదు. అమెరికా ఆర్మీలోనో మెరైన్ దళంలోనో కల్నల్, అంతకు పై హోదా ఉండాలి. అధ్యక్షుడికి మాత్రం సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో వస్తుంది, ఆయన జన్మలో గుర్రం ఎక్కాడా లేదా అన్నది ఎవరూ అడగరు.

1963లో ఒక గుర్రం కుదురుగా నడవలేదు

ఈ దృశ్యం ప్రపంచం మనసులో పడిపోయింది 1963 నవంబర్‌లో. జాన్ కెనడీ హత్య తర్వాత అంత్యక్రియలు అబ్రహాం లింకన్‌కి జరిగినట్టు జరగాలని భార్య జాక్వెలిన్ కోరడంతో అధికారులు పాత రికార్డులు తిరగేశారు. శవపేటిక వెనక బ్లాక్ జాక్ అనే గుర్రం నడిచింది. కెనడీ రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసింది నౌకాదళంలో, చిన్న టార్పెడో పడవ మీద. ఆ గుర్రానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు.

బ్లాక్ జాక్ 1947 జనవరిలో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సేనలని నడిపిన జనరల్ పర్షింగ్ ముద్దుపేరే దీనికి పెట్టారు. సైన్యం సొంతంగా ముద్ర వేసి ఇచ్చిన గుర్రాల్లో ఇదే చివరిది. వెయ్యికి పైగా అంత్యక్రియల్లో నడిచింది. 1964లో మాజీ అధ్యక్షుడు హూవర్, జనరల్ మెకార్థర్, 1973లో లిండన్ జాన్సన్ కూడా ఆ లెక్కలో ఉన్నారు. 1976లో చనిపోయినప్పుడు దానికి కూడా సైనిక లాంఛనాలతోనే అంత్యక్రియలు చేశారు.

అయితే అది సాధుజంతువేం కాదు. కెనడీ అంత్యక్రియల్లో దాన్ని పట్టుకున్న ఆర్థర్ కార్ల్‌సన్ అనే సైనికుడికి అప్పుడు 19 ఏళ్లు. దారి పొడవునా గుర్రం తల విదిలించడం, పక్కకి జరగడం, డెక్కలు టకటకలాడించడం ఆపలేదు, ఆ కుర్రాడు మాత్రం ముఖం మీద ఏ భావమూ లేకుండా నడవాలి, గుర్రంతో మాట్లాడకూడదు, అటూ ఇటూ చూడకూడదు. నిజానికి ఆ రోజు దృశ్యం అంత బలంగా నిలబడింది గుర్రం అలా ఉండటం వల్లనే అనిపిస్తుంది. డప్పుల దెబ్బకి వందల మంది ఒకే అడుగు వేస్తున్నారు, అందరికీ తమ పాత్ర తెలుసు. ఇది అంత్యక్రియ అని తెలియనిది ఆ ఒక్క ప్రాణికే.

చంపడం నుంచి నడిపించడం దాకా

యోధుడితో గుర్రాన్ని కూడా పంపడం చాలా పాతది. ఇప్పటి రష్యాలోని తువా ప్రాంతంలో అర్జాన్ అనే చోట తవ్విన ఒక పెద్ద సమాధిలో సుమారు 160 గుర్రాలు బయటపడ్డాయి. అల్తాయ్ పర్వతాల్లోని పజిరిక్ సమాధులైతే మంచు గడ్డకట్టడం వల్ల అలాగే నిలిచిపోయాయి, అక్కడ గుర్రాల జీనులు, ముఖాలకి తొడిగిన అలంకారాలు కూడా దొరికాయి, కొమ్ములు అతికించిన ముసుగుతో సహా. వీటి వెనకున్న ఆలోచన అర్థం చేసుకోవడం కష్టం కాదు: రౌతుకి పై లోకంలో కూడా వాహనం కావాలి.

చెంగిజ్ ఖాన్ కథ ఇక్కడే అతుక్కుంది. స్టెప్పీ మైదానాల్లో గుర్రాలని సమాధిలో పెట్టే అలవాటు ఉన్నమాట వాస్తవమే, కానీ చెంగిజ్ ఖాన్ సమాధి ఇప్పటిదాకా దొరకనే లేదు, ఆయన కన్నా వెయ్యేళ్ల ముందే ఈ అలవాటు ఉంది. కాబట్టి ఆయనే మొదలుపెట్టాడనడానికి ఏమీ మిగలదు.

గుర్రాన్ని చంపకుండా వెనక నడిపించడం రోమన్ల కాలానికే కవిత్వంలో కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో వర్జిల్ రాసిన ఈనీడ్ కావ్యం 11వ భాగంలో పల్లాస్ అనే యువవీరుడి శవయాత్ర ఉంటుంది, అందులో అతని యుద్ధాశ్వం ఈథాన్ అలంకారాలన్నీ తీసేసిన ఒంటితో కన్నీళ్లు కారుస్తూ నడుస్తుంది. ఆ వెనకే సైనికులు ఆయుధాలు తలకిందులుగా పట్టుకుని వస్తారు. అంటే ఖాళీ గుర్రం, తిరగేసిన ఆయుధం, రెండూ ఒకే ఊరేగింపులో, రెండు వేల ఏళ్ల కిందటే. ఒక్క తేడా ఉంది, వర్జిల్ గుర్రం ఒంటి మీద నగలు ఊడదీస్తే తర్వాతి కాలపు ఐరోపా సైన్యాలు గుర్రాన్ని ఇంకా ఎక్కువ అలంకరించాయి.

చంపే పద్ధతి మాత్రం వెంటనే పోలేదు. జర్మనీలోని ట్రియర్ నగరంలో 1781లో ఫ్రెడరిక్ కాసిమిర్ అనే అశ్వికదళ సేనాని అంత్యక్రియల్లో గుర్రాన్ని ఊరేగింపులో నడిపించి, శవపేటిక గోతిలోకి దించాక దాన్ని చంపి అందులోనే వేశారన్నది 19వ శతాబ్దపు మానవశాస్త్ర రచనల్లో తరచూ కనిపించే ఉదాహరణ. ఫ్రెంచి విప్లవానికి ఎనిమిదేళ్ల ముందు మాట ఇది. అంటే నడిపించడం, చంపడం ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన రెండు యుగాలు కావు, చాలాకాలం పక్కపక్కనే ఉన్నాయి. నడిపించడం అనేది చంపడానికి ముందు మెట్టు, తర్వాత ఆ చివరి మెట్టు ఒక్కటే పోయింది.

ఆ పైన జరిగిన మార్పు ఇంకా ఆసక్తికరం. 1799 డిసెంబర్‌లో జార్జ్ వాషింగ్టన్ అంత్యక్రియలు మౌంట్ వెర్నన్‌లో జరిగినప్పుడు జీను, పిస్తోళ్లతో ఆయన గుర్రాన్ని నడిపించారు. 1850లో అధ్యక్షుడు జాకరీ టేలర్ వెనక నడిచింది ఓల్డ్ వైటీ, యుద్ధంలో ఆయన ఎక్కిన గుర్రమే. 1865 మే నెలలో లింకన్ శవయాత్ర సొంత ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ చేరినప్పుడు నడిచింది ఓల్డ్ బాబ్, లింకన్ వకీలుగా తిరిగిన రోజుల్లో ఎక్కిన గుర్రం, 1861లో వాషింగ్టన్ వెళ్తూ ఇక్కడే వదిలేసి వెళ్లింది. ఇవన్నీ పోయినవాళ్ల సొంత గుర్రాలు. కానీ 1852లో లండన్‌లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌కి ఆ వీలు లేదు, నెపోలియన్‌ని ఓడించిన వాటర్లూ యుద్ధంలో ఆయన ఎక్కిన గుర్రం కోపెన్‌హాగెన్ 1836లోనే చనిపోయింది. వేరే గుర్రాన్ని నడిపించారు, రికాబుల్లో బూట్లు వెనక్కి తిప్పి. జనం చూసింది ఆ బూట్లనే, గుర్రం ఏదన్నది ఎవరికీ పట్టలేదు.

అక్కడి నుంచి ఇది ఒక రకంగా అద్దె గుర్రం వ్యవహారం అయిపోయింది. 2004లో రొనాల్డ్ రేగన్ అంత్యక్రియల్లో నడిచిన సార్జంట్ యార్క్ అంతకు ముందు పందేల గుర్రం. అయితే రికాబుల్లో ఉన్న బూట్లు రేగన్ సొంతవి, ఆయన రాంచ్‌లో గుర్రపు స్వారీకి వేసుకున్నవి. గుర్రం ఎవరిదైనా ఫరవాలేదు, బూట్లు మాత్రం ఆయనవై ఉంటే బాగుంటుందని ఎవరికో తోచింది. ఆ తోచడంలోనే విషయమంతా ఉంది.

బూట్లు తిప్పడం ఎందుకు

సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: పడిపోయిన సేనాని తన సైన్యాన్ని చివరిసారి వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడని. ఇంకోటి, ఇక ఎప్పుడూ ఆయన గుర్రం ఎక్కడని. రెండూ బాగానే ఉన్నాయి, రెండూ ఆచారం స్థిరపడ్డాక వచ్చిన వివరణల్లాగే ఉన్నాయి.

పని ఎలా జరుగుతుందో చూస్తే విషయం సులువుగా తెలుస్తుంది. గుర్రాన్ని ఎవరో పట్టుకుని నడిపించడం ఏ లాయంలోనైనా రోజూ జరిగేదే. మేతకి తీసుకెళ్తారు, నీళ్లకి తీసుకెళ్తారు, దొర ఇంకా రాలేదని గుమ్మం ముందు నిలబెడతారు. ఖాళీ జీను చూసి 'ఈయన వస్తాడు' అనుకోవచ్చు, 'ఈయన రాడు' అని కూడా అనుకోవచ్చు. ఆ అనుమానం తీర్చడానికి ఒక గుర్తు కావాలి. మామూలుగా ఎవరూ చేయని పని, పొరపాటున కూడా జరగని పని చేయాలి. బూట్లు తిప్పి పెట్టడం అలాంటిదే, అలా ఎవరూ కూర్చోలేరు.

చావు దగ్గర మామూలు పద్ధతిని తిరగేయడం తెలుగు ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు. తద్దినం పెట్టేటప్పుడు జంధ్యం ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మారుతుంది, సవ్యం అపసవ్యం అవుతుంది, ప్రదక్షిణం అప్రదక్షిణం అవుతుంది. దేవకార్యం కాదు, పితృకార్యం అని చూడగానే తెలియాలి. ఐరోపా బూట్లకీ మన జంధ్యానికీ చరిత్రలో లింకు ఉందని కాదు, లేదు కూడా. కానీ ఉపాయం అదే. సైన్యాల్లో తుపాకీ గొట్టాన్ని నేలకి దించి నిలబడటం కూడా ఇదే కోవలోది, భారత సైన్యం కవాతు భాషలో దాన్ని శోక్ శస్త్ర్ అంటారు. 1971 యుద్ధం తర్వాత ఇండియా గేట్ కింద పెట్టిన అమర్ జవాన్ చిహ్నం చూడండి, తలకిందులుగా నిలబెట్టిన రైఫిల్, దాని మీద హెల్మెట్, మనిషి లేడు. 2022లో అది జాతీయ యుద్ధ స్మారకానికి మారింది. గుర్రం లేని దేశం ఏం కాదు మనది, జైపూర్‌లో 61వ కావల్రీ ఇప్పటికీ గుర్రాల దళమే, అయినా ఖాళీ జీను చేసే పనిని ఇక్కడ తుపాకీ చేస్తోంది.

సాంచీ, అమరావతి: ఇక్కడ ఖాళీ అంటే ఉన్నాడని

బుద్ధుడి కాలం నాటిదన్న వాదనకి మూలం సిద్ధార్థుడి గుర్రం కంథకం. ఇది చావు కథ కాదు, ఇల్లు వదిలి వెళ్లిన కథ. రాత్రివేళ సారథి చన్నుడు తోడు రాగా కంథకం మీద కపిలవస్తు దాటాడు, చప్పుడు వినపడకుండా దేవతలు డెక్కలని అరచేతుల్లో పట్టుకున్నారని చెబుతారు.

సాంచీ మహాస్తూపం తూర్పు తోరణం మధ్య అడ్డదూలం మీద ఈ కథంతా ఒకే పలకలో ఉంది. కోటలోంచి గుర్రం బయటికొస్తోంది, మళ్లీ అదే గుర్రం, మళ్లీ అదే, అలా వరసగా, జరుగుతున్న ప్రయాణాన్ని చూపిస్తూ. జీను ఖాళీగా ఉంది. కానీ పైన గొడుగు పట్టారు. అప్పటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు, పాదాలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం, చక్రం ఇలాంటి గుర్తులతోనే చెప్పేవారు. ఇక్కడ గొడుగు కింద ఖాళీ అంటే ఆయన కూర్చుని ఉన్నాడని. పలక చివర పాదముద్రలు కనిపిస్తాయి, గొడుగు ఇప్పుడు వాటి మీద ఉంది. అక్కడి నుంచి గుర్రం వెనక్కి తిరుగుతుంది, ఈసారి గొడుగు లేదు.

ఒకే గుర్రం, ఒకే జీను, రెండు సార్లూ ఖాళీయే. గొడుగు ఉంటే రౌతు ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యేలా రాయి మీద ఇంత తేలిగ్గా చెప్పిన చోటు ఇంకోటి దొరకడం కష్టం. కృష్ణా తీరంలో అమరావతి శిల్పులు కూడా మొదటి దశలో ఈ పద్ధతినే పాటించారు, గొడుగు కింద ఖాళీ గుర్రం అక్కడా ఉంది, తర్వాతి దశలో మాత్రం బుద్ధుణ్ణి మనిషిగానే చెక్కారు. అప్పుడిక గుర్రానికి చెప్పాల్సిన పని పోయింది.

తిరిగొచ్చిన గుర్రం కథని అశ్వఘోషుడు సంస్కృత బుద్ధచరితంలో ఎనిమిదో సర్గ నిండా చెప్పాడు. వెళ్లేటప్పుడు ఒక్క రాత్రిలో దాటిన దారికి వచ్చేటప్పుడు ఎనిమిది రోజులు పట్టిందట. ఖాళీ గుర్రాన్ని చూసి ఊరంతా ఏడ్చింది, యశోధర ఆ గుర్రాన్నే నిలదీసింది. మనిషి బతికే ఉన్నాడు, అయినా జరిగింది శోకమే. పాళీ సంప్రదాయంలో అయితే కంథకం తిరిగే రాలేదు, యజమాని కనుమరుగవగానే గుండె పగిలి చనిపోయింది. బుద్ధుడి నుంచి అమెరికా సైన్యానికి ఈ ఆచారం నడిచొచ్చిందని చెప్పడానికి మాత్రం ఏ దారీ కనిపించదు, పోలిక పోలికే.

కర్బలా నుంచి వచ్చిన గుర్రం

దక్షిణాసియాలో ఇప్పటికీ బతికున్న, ప్రతి ఏటా లక్షల మంది చూసే రౌతు లేని గుర్రం జుల్జనా. క్రీస్తుశకం 680లో కర్బలాలో ఇమాం హుసేన్ చనిపోయాక ఆయన గుర్రం ఒంటరిగా గుడారాల దగ్గరికి తిరిగొచ్చిందని, ఆడవాళ్లకి విషయం అలా తెలిసిందని షియా శోకగీతాలు చెబుతాయి. లక్నో, లాహోర్, శ్రీనగర్ లాంటి చోట్ల మొహర్రంలో దాని గుర్తుగా ఒక గుర్రాన్ని ఊరేగిస్తారు. తెల్లటి బట్ట కప్పి ఎర్రటి మరకలు వేస్తారు, బాణాలు గుచ్చుకున్నట్టు అమరుస్తారు, జీను మీద తలపాగా, కత్తి పెడతారు. చాలా చోట్ల ఆ గుర్రాన్ని ఇందుకోసమే పెంచుతారు, ఏడాది పొడవునా ఎవరూ ఎక్కరు. ఇరాన్ చిత్రకారుడు మహమూద్ ఫర్ష్‌చియాన్ 1976లో వేసిన ఆషురా సాయంత్రం చిత్రంలో కూడా మధ్యలో ఉన్నది ఈ గుర్రమే, చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్లు, హుసేన్ ఎక్కడా కనిపించడు.

హైదరాబాద్‌లో మొహర్రం పదో రోజు ఎక్కువమంది చూసేది బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం, దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు ఏనుగు మీద వెళ్తుంది. తెలుగు పల్లెల్లో పీర్ల పండుగంటే అగ్గిగుండం, పీర్లు. గుర్రం అంతగా కనిపించదు.

అమెరికా సైన్యం గుర్రానికీ జుల్జనాకీ ఉన్న పెద్ద తేడా నడిచే దిక్కు. బ్లాక్ జాక్ శవపేటిక వెనక వెళ్తుంది, సాగనంపడానికి. జుల్జనా, కంథకం వెనక్కి వస్తాయి, కబురు చెప్పడానికి. మొదటిది చూసినవాళ్లకి ఆయన పోయాడని ముందే తెలుసు, రెండోది చూసినవాళ్లకి అప్పుడే తెలుస్తుంది, అందుకే అక్కడ గుర్రం చుట్టూ మౌనం ఉండదు, జనం దాని మెడ పట్టుకుని ఏడుస్తారు. మూడో రకం కూడా ఒకటి 2022 సెప్టెంబర్ 19న విండ్సర్‌లో కనిపించింది. ఎలిజబెత్ రాణి శవయాత్ర వెళ్తుంటే ఆమె ఎక్కే నల్ల పోనీ ఎమ్మా దారి పక్కన గడ్డి మీద నిలబడి ఉంది, జీను మీద రాణి తలకి కట్టుకునే స్కార్ఫ్. ఎటూ నడవలేదు, బూట్లు తిప్పలేదు, కత్తి లేదు. ఊరికే ఎదురుచూస్తున్నట్టుంది. అంతకు ముందు ఏడాది ఆమె భర్త ఫిలిప్ అంత్యక్రియల్లో ఆయన నడిపే గుర్రబ్బండి నిలబెట్టారు, సీటు మీద టోపీ, చేతి తొడుగులు, గుర్రాలకి పెట్టే చక్కెర బిళ్లల డబ్బా. సైనిక నియమాల పుస్తకంలో ఇవేవీ లేవు, అయినా ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

మన అంత్యక్రియల్లో ఎందుకు లేదు

దీనికి ఒక్క కారణం చెప్పడం కష్టం గానీ ఒక విషయం మాత్రం కనిపిస్తుంది. ఖాళీ గుర్రం ఉన్న ప్రతిచోటా శరీరం కనపడదు. మూసిన పెట్టెలో ఉంటుంది, లేదా ఎడారిలో ఉండిపోయింది, లేదా మనిషి అడవికి వెళ్లిపోయాడు. మన దగ్గర పాడె మీద ముఖం తెరిచే ఉంటుంది, ఊరంతా ఆ ముఖాన్నే చివరిసారి చూడటానికి వస్తుంది. అధికార లాంఛనాలతో చేసినా గన్ క్యారేజ్ మీదో పూల వాహనం మీదో శరీరం కనిపిస్తూనే ఉంటుంది, పోలీసులు గాల్లోకి తుపాకులు పేలుస్తారు, అంతే. మనిషే కళ్ల ముందు ఉంటే 'ఆయన లేడు' అని చెప్పడానికి ఖాళీ జీను ఎందుకు?

రాతి మీద కూడా మనవాళ్లు ఖాళీని ఇష్టపడలేదు. రాయలసీమలో, కర్ణాటకలో వందల కొద్దీ ఉన్న వీరగల్లుల్లో, అంటే చనిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్లలో, కింద యుద్ధం, పైన అప్సరసలు వీరుణ్ణి తీసుకెళ్లడం, ఆ పైన స్వర్గం చెక్కుతారు. గుజరాత్‌లో ఇలాంటివే అయిన పాలియా రాళ్ల మీద గుర్రం ఉంటుంది, దాని మీద మనిషి కూడా ఉంటాడు. వీరుడు పడిపోయాడు కానీ వెళ్లిపోలేదు, పైకి చేరాడు, అదే ఇక్కడ చెప్పాలనుకున్నది.

విగ్రహం కాళ్లు లెక్కపెట్టే ఫార్వర్డ్

ఇంకో గందరగోళం కూడా దీనితోనే వస్తుంది. విగ్రహంలో గుర్రం రెండు కాళ్లు ఎత్తితే రౌతు యుద్ధంలో చనిపోయినట్టు, ఒకటి ఎత్తితే గాయాలతో పోయినట్టు, నాలుగూ నేల మీదుంటే సహజ మరణం అని. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెతలో ఉన్న నిజం కూడా ఇందులో లేదు. వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ఎదుట 1853లో పెట్టిన ఆండ్రూ జాక్సన్ విగ్రహంలో గుర్రం రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి, జాక్సన్ 1845లో ఇంట్లో జబ్బుతో పోయాడు. అమెరికా అంతర్యుద్ధం నాటి గెటీస్‌బర్గ్ యుద్ధభూమిలో చాలా విగ్రహాలు ఈ లెక్కకి సరిపోవడంతో పుకారుకి బలం వచ్చింది, అక్కడ కూడా 1998లో పెట్టిన జనరల్ లాంగ్‌స్ట్రీట్ విగ్రహం సరిపోదు, గుర్రం ఒక కాలు ఎత్తింది, ఆ యుద్ధంలో ఆయన గాయపడనే లేదు.

తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ చెన్నైలో ఉంది. దత్త మండలాల కలెక్టరుగా రాయలసీమలో పేరు తెచ్చుకుని, 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రో విగ్రహం అది, ఫ్రాన్సిస్ చాంట్రీ చెక్కాడు, 1839లో నిలబెట్టారు. అందులో మన్రో ఉన్నాడు, గుర్రం ఉంది, జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మర్చిపోయాడని, ఆ బాధతో ఏదో చేసుకున్నాడని కథలు పుట్టాయి. కానీ చాంట్రీ లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగో జార్జ్ రాజు గుర్రానికి కూడా జీను, రికాబులు పెట్టలేదు. అది ఆయన పద్ధతి. జీను ఉండి మనిషి లేకపోతే అర్థం వెతికినట్టే, మనిషి ఉండి జీను లేకపోయినా జనం అర్థం వెతుకుతారు.

గుర్రాలకే కష్టం వచ్చినప్పుడు

ఈ ఆచారం ముందుముందు ఎలా ఉంటుందన్నది గుర్రాల ఆరోగ్యం మీద కూడా ఆధారపడుతోంది. అమెరికాలోని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సేవ చేసే ఆర్మీ దళంలో 2022 ఫిబ్రవరిలో కొద్ది రోజుల తేడాలో రెండు గుర్రాలు చనిపోయాయి. నాసిరకం మేత, వాటిని ఉంచిన చోటు సరిగ్గా లేకపోవడం విచారణలో బయటపడ్డాయి. 2023లో గుర్రపు బండ్ల సేవ ఆపేశారు. 2025 జనవరిలో జిమ్మీ కార్టర్ శవపేటికని గుర్రపు బండి మీద కాపిటల్ భవనానికి తీసుకెళ్లేనాటికి మామూలు కుటుంబాలకి ఆ సేవ ఇంకా లేదు, ఆ ఏడాది జూన్‌లో పరిమితంగా మళ్లీ మొదలైంది. ఆ రెండేళ్లలో అర్హత ఉండి కూడా చాలామంది సైనికుల అంత్యక్రియలు గుర్రం లేకుండానే జరిగాయి.

ప్రత్యామ్నాయాలు ఇప్పటికే ఉన్నాయి. యుద్ధ విమానాలు వరసలో ఎగురుతూ ఒకటి మధ్యలోంచి పైకి వెళ్లిపోతుంది, ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. అమెరికాలో ట్రాఫిక్ పోలీసు చనిపోతే మనిషి లేని మోటార్ సైకిల్‌ని ఊరేగింపులో తీసుకెళ్తారు. పని అదే చేస్తాయి, కాకపోతే మోటార్ సైకిల్ తల విదిలించదు.

గుర్రాన్నే స్మారకంగా నిలబెట్టడం కూడా పెరిగింది. 1997లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో అంతర్యుద్ధంలో చనిపోయిన గుర్రాలు, కంచర గాడిదల కోసం పెట్టిన కంచు విగ్రహంలో జీను కట్టి ఉన్న ఒక బక్కచిక్కిన గుర్రం తల వాల్చుకుని నిలబడి ఉంటుంది. ఇక్కడ రౌతు లేకపోవడం రౌతు గురించి కాదు. లండన్ పార్క్ లేన్‌లో 2004లో వచ్చిన జంతువుల యుద్ధ స్మారకం మీద అయితే వాటికి వేరే దారి లేదని చెక్కేశారు.

ఢిల్లీలో దీనికి పూర్తిగా తిరగబడ్డ దృశ్యం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్‌లో హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లు ఉన్నారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీద ఈటెలతో దూకింది జోధ్‌పూర్, మైసూర్ దళాలు, గుర్రాలతో గెలిచిన చివరి దాడుల్లో అదొకటి. వాళ్ల గుర్తుగా 1922లో పెట్టినదే తీన్ మూర్తి. మూడు సంస్థానాలకి ముగ్గురు సైనికులు, చేతుల్లో ఈటెలు, చుట్టూ రోజంతా కార్లు తిరుగుతుంటాయి. ముగ్గురూ అశ్విక దళం వాళ్లే, ముగ్గురూ నేల మీదే నిలబడి ఉన్నారు. ఒక్క గుర్రం కూడా లేదు.